రొయ్యల రైతు కూతురు ట్రేడ్ లా చదివితే ఏం చేస్తుంది?

ప్రశ్న: మాది భీమవరం పక్కన పల్లెటూరు. ఆరెకరాల్లో వనామీ వేస్తున్నాం. మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ ఆఖరి సంవత్సరం. లా చదివి, ఆ తర్వాత యూరప్ వెళ్లి అంతర్జాతీయ వాణిజ్య చట్టంలో ఎల్‌ఎల్‌ఎం చేస్తుందట. అందులోనూ కార్మికులు, పర్యావరణం మీద స్పెషలైజేషన్ అంటోంది. అమెరికా సుంకాల దెబ్బకి కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన మాకిచ్చే ధర) పడిపోయి మేమింకా తేరుకోలేదు. ఎకరం అమ్మి పంపిస్తే ఉద్యోగం వస్తుందా? ఇంకో అనుమానం, ఈ లేబర్, పర్యావరణం పేరుతో తిరిగొచ్చి మన రొయ్యల మీదే కేసులు వేసే పనా ఇది?

జవాబు:

ముందు ఎకరం సంగతి. అమ్మకండి. ఈ మాట చివర్లో చెబితే అంతవరకూ మీకు టెన్షన్ తగ్గదని ఇప్పుడే చెప్పేస్తున్నాను. అలాగని అమ్మాయి కోరిక తీసిపారేసేదేమీ కాదు. ఈ సబ్జెక్టు మన రాష్ట్రంలో ఎవరికైనా ఇంట్లోంచే అర్థమయ్యే అవకాశం ఉందంటే అది మీ గోదావరి జిల్లాల పిల్లలకే.

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి, వాటిని విడదీస్తే సగం అనుమానాలు పోతాయి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది కదా, అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో వేసింది. దానికి కార్మికులతోనూ పర్యావరణంతోనూ సంబంధం లేదు. అది రాజకీయం, రేపు అంకె మారుతుంది, ఎల్లుండి మళ్లీ మారుతుంది. రెండోది 2005 నుంచి మన రొయ్యల మీద ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి కుమ్మరిస్తున్నారని వేసేది), దానికి తోడు 2024 చివర్లో వచ్చిన కౌంటర్‌వెయిలింగ్ సుంకం (ప్రభుత్వ రాయితీలకి విరుగుడుగా వేసేది), మన కంపెనీల్లో చాలావాటికి 5.77 శాతం. 'మీ ప్రభుత్వం రాయితీలిచ్చి చవగ్గా అమ్మిస్తోంది, మేం మునిగిపోతున్నాం' అని అక్కడి రొయ్యల పరిశ్రమ వేసిన కేసు అది. ఇది పక్కా చట్టం, పక్కా లెక్కలు, లాయర్లకీ అకౌంటెంట్లకీ ఏడాది పొడుగునా పని. మూడోది, సరుకు ఎలా తయారైంది, ఎవరి చేత చేయించారు, తయారీలో ఏం చచ్చిపోయింది అని అడిగే చట్టాలు. మీ అమ్మాయి చదువుతానంటున్నది ఈ మూడోదాన్ని.

ఈ మూడోదానికి ప్రపంచమంతా లా కాలేజీల్లో చెప్పే మొదటి పాఠం ఏమిటో తెలుసా? రొయ్యలు. నిజంగానే. అమెరికా 1989లో ఒక చట్టం చేసింది, దాన్ని సెక్షన్ 609 అంటారు. సముద్రంలో రొయ్యల వలల్లో తాబేళ్లు చిక్కుకుని చచ్చిపోతున్నాయి కాబట్టి, తాబేలు బయటపడేలా వలలో ఇనుప చట్రం పెట్టిన దేశాల రొయ్యలే కొంటాం అన్నారు. ఆ చట్రాన్ని టెడ్ అంటారు, కాకినాడ, విశాఖ హార్బర్లలో బోటు ఓనర్లని అడగండి, దాని మీద వాళ్లకి పట్టరాని కోపం, కన్నంలోంచి తాబేలుతో పాటు సగం పట్టుబడి కూడా పోతుందని. 1996లో ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో దీని మీద ఫిర్యాదు చేశాయి. (ఇండియా, పాకిస్తాన్ ఒకే బల్లకి ఒకే వైపు కూర్చున్న అరుదైన సందర్భం, అదీ రొయ్యల కోసం.) 1998 అక్టోబరు 12న అక్కడ అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ తీర్పు ఇచ్చింది. అమెరికా ఓడిపోయింది.

చాలామంది ఇక్కడితో ఆగిపోయి 'మనం గెలిచాం' అనుకుంటారు. తీర్పు చదివితే అలా ఉండదు. గాట్ అనే ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో ఇరవయ్యో అధికరణం ఉంది, అందులో (జి) క్లాజు ప్రకారం తరిగిపోయే సహజ వనరుల్ని కాపాడుకోడానికి దేశాలు వాణిజ్యాన్ని ఆపొచ్చు. ఆ మాట గనులకీ ఖనిజాలకీ మాత్రమేనా, ప్రాణమున్న తాబేలుకి కూడా వర్తిస్తుందా అన్నది వాదన. వర్తిస్తుంది అన్నారు. మరి అమెరికా ఎందుకు ఓడిందీ అంటే అమలు చేసిన తీరు వల్ల. కరీబియన్ దేశాలతో ముందు కూర్చుని మాట్లాడి, మారడానికి 3 సంవత్సరాలు గడువిచ్చి, మన ఆసియా దేశాలకి మాత్రం 4 నెలలు ఇచ్చి ఊరుకుంది. ఆ వివక్షని కొట్టేశారు, తాబేళ్ల చట్టాన్ని కాదు. అమెరికా పద్ధతి మార్చుకుంది, మలేసియా మళ్లీ సవాలు చేసింది, 2001లో మలేసియానే ఓడిపోయింది. చివరికి 2019లో మన దేశానికి ఇచ్చిన సర్టిఫికేషన్ అమెరికా ఎత్తేసింది, అప్పట్నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్య అక్కడికి పోవడం లేదు.

మీ చెరువు రొయ్య ఎందుకు పోతోంది? చెరువులో తాబేళ్లు లేవు కాబట్టి. ప్రతి కంటైనర్ వెంట డీఎస్-2031 అని ఒక ఫారం వెళ్తుంది, ఇది పెంచిన రొయ్య, తాబేలుకి హాని లేదు అని అందులో రాసిస్తారు. అంటే ఒకే చట్టం హార్బర్‌లో బోటు వాడి మార్కెట్ మూసేసి మీ మార్కెట్‌ని ముట్టుకోకుండా వదిలేసింది. మీకు సుంకాల సంగతి తెలుసు గానీ మీ మేలుకి పనిచేసిన ఈ చట్టం సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఏ చట్టం ఎవరిని కొడుతుంది, ఎవరిని వదిలేస్తుంది అన్నది ఫారాల దాకా దిగి చూడగలగడమే ఈ చదువంటే.

ఇక కార్మికుల వైపు. ఇక్కడ అమ్మాయికి ఒక నిజం ముందే తెలియాలి, లేకపోతే కోర్సులో చేరాక నీరసం వస్తుంది. డబ్ల్యూటీవో ఒప్పందాల్లో కార్మికుల గురించి ఉన్నది దాదాపు శూన్యం. జైళ్లలో ఖైదీలతో చేయించిన సరుకుని ఆపొచ్చని ఒక చిన్న క్లాజు ఉంది, అంతే. 1996 సింగపూర్ సమావేశంలో అమెరికా ఈ విషయం తేవాలని చూస్తే, అది చవక కూలి ఉన్న దేశాల్ని తొక్కే ఎత్తుగడ అని మనలాంటి దేశాలు గట్టిగా అడ్డుకున్నాయి. కార్మిక ప్రమాణాలు అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌వో) చూసుకుంటుంది అని తీర్మానం రాసి ముగించారు. మన వాళ్ల అనుమానంలో నిజం ఉందనే నా అభిప్రాయం, కానీ అడ్డుకున్నంత మాత్రాన విషయం ఆగలేదు, ముందు గుమ్మం మూస్తే పెరటి గుమ్మంలోంచి వచ్చింది. అమెరికా 1930 టారిఫ్ చట్టంలో సెక్షన్ 307 ఉంది, బలవంతపు చాకిరీతో చేసిన సరుకుని రేవులోనే ఆపేయొచ్చు. యూరప్ 2024లో అలాంటి చట్టమే చేసింది, 2027 డిసెంబరు నుంచి అమలు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా గార్మెంట్ కార్మికులు చనిపోయాక, కొన్ని వారాల్లోనే అమెరికా బంగ్లాదేశ్‌కి ఇచ్చే సుంకాల రాయితీని ఆపేసింది.

మీకు దగ్గరగా ఉండే ఉదాహరణ థాయ్‌లాండ్. ఒకప్పుడు రొయ్యల ఎగుమతిలో వాళ్లదే రాజ్యం. పడవల మీద వలస కూలీల్ని బానిసల్లా వాడుతున్నారని బయటపడింది, 2015లో యూరప్ అక్రమ చేపల వేట చట్టం కింద హెచ్చరికగా పసుపు కార్డు చూపించింది. 2019 జనవరిలో గానీ ఆ కార్డు తీయలేదు, అదే నెలలో చేపల వేట కార్మికుల మీద ఐఎల్‌వో ఒప్పందాన్ని థాయ్‌లాండ్ ఆమోదించింది, ఆసియాలో మొదటి దేశం. మార్కెట్ పోతుందన్న భయం లేకపోతే ఆ చట్టాలు మారేవా? నాకైతే నమ్మకం లేదు.

ఇప్పుడు మీ రెండో అనుమానం. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ మన ఆంధ్ర రొయ్యల షెడ్లలో ఆడవాళ్ల పని పరిస్థితులు, ఇరుకు గదుల మీద పెద్ద కథనం వేసింది, ఎగుమతిదారులు అవి నిజం కాదన్నారు. ఎవరిది ఎంత నిజమో నేను తీర్పు చెప్పను. మీరు మాత్రం ఒకటి ఆలోచించండి. రేపు ఒక కొనుగోలుదారు 'మీ పీలింగ్ షెడ్ (రొయ్యల పొట్టు తీసే చోటు) రికార్డులు సరిగా లేవు' అని ఆర్డర్ ఆపేస్తే, కంపెనీ వాడు ఆ నష్టం తన జేబులోంచి పెట్టుకుంటాడా? కౌంట్ రేటు తగ్గిస్తాడు, మీ దాకా వస్తుంది. సర్టిఫికెట్ కోసం పెట్టే ఖర్చూ అంతే. షెడ్‌లో రొయ్యల తలలు తీసే ఆడమనిషికి ఓవర్‌టైమ్ సరిగా కట్టకపోవడం, చెరువు గట్టు మీద మీకు రేటు పడిపోవడం, ఈ రెండూ ఒకే గొలుసులో రెండు కొసలు, మధ్యలో లాభం ఎవరిదో మీకు తెలుసు. కాబట్టి మీ అమ్మాయి కార్మికుల పక్షాన పనిచేసినా అది మీ మీద కేసు కాదు. పైగా ఈ నియమాల ఖర్చు ఎవరు భరించాలి, అమెరికా సూపర్ మార్కెట్టా, ఎగుమతిదారుడా, రైతా అన్న ప్రశ్న మీద పనిచేసే వాళ్లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. చెరువు తెలిసిన లాయరుకి అక్కడ ఖాళీ ఉంది.

అలాగని ఈ చట్టాలన్నీ పుణ్యకార్యాలని ఆమెకి నూరిపోసే ప్రొఫెసర్లు కూడా దొరుకుతారు, జాగ్రత్త. యూరప్ వేసే కార్బన్ సుంకం, సీబ్యామ్ అంటారు, 2026 జనవరి నుంచి అసలు అమలు దశలోకి వచ్చింది, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు లాంటివాటి మీద. పేద దేశం ఉక్కు మీద వసూలు చేసిన డబ్బు పేద దేశంలో పొగ తగ్గించడానికి రాదు, వాళ్ల ఖజానాకే పోతుంది. అడవులు నరికిన నేల మీద పండిన కాఫీ కొనం అనే చట్టం చేశారు, అమలు రెండుసార్లు వాయిదా పడింది, అది వచ్చిన రోజున అరకు గిరిజన రైతు తన కాఫీ తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపించాలి. ఉద్దేశం మంచిదే, ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్న అడగలేని వాళ్లకి ఈ చదువు సగమే వంటబట్టినట్టు.

ఉద్యోగాల గురించి సూటిగా చెప్తాను. 'జెనీవాలో డబ్ల్యూటీవో లాయర్' అనే కల ఉంటే కాస్త పక్కన పెట్టమనండి. అక్కడి అప్పిలేట్ బాడీ 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు, కొత్త జడ్జీల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ వచ్చింది. ఓడిన దేశం అప్పీలు వేస్తే ఆ కేసు గాల్లో ఉండిపోతుంది. ఐఎల్‌వో, ఐక్యరాజ్యసమితి ఉద్యోగాలు ఉంటాయి గానీ తక్కువ, ఎక్కువగా కాంట్రాక్టువి, పోటీ ప్రపంచమంతా.

నిజంగా పని దొరికేది ఢిల్లీలో. యాంటీ డంపింగ్ కేసులు చూసే లా ఫర్మ్‌లు ఉన్నాయి, వాణిజ్య శాఖ కింద డీజీటీఆర్ అనే సంస్థ ఆ కేసులు విచారిస్తుంది. ఇది మీ అమ్మాయి కలలు కనే పని కాదు, ఎక్సెల్ షీట్లూ ఖర్చు లెక్కలూ, కానీ ఎకనామిక్స్ చదివిన పిల్ల కాబట్టి తోటి లాయర్ల కన్నా ముందుంటుంది, వాణిజ్య చట్టం ఎముకలు ఎలా ఉంటాయో అక్కడే తెలుస్తుంది. ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్)లో సెంటర్ ఫర్ డబ్ల్యూటీవో స్టడీస్, 2017లో పెట్టిన సెంటర్ ఫర్ ట్రేడ్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్ లా ఉన్నాయి, ప్రభుత్వం విదేశాలతో ఒప్పందాలు మాట్లాడేటప్పుడు కాగితాలు తయారు చేసేది ఇలాంటి చోట్ల పనిచేసే పిల్లలే. మనం ఇన్నాళ్లూ వద్దన్న కార్మిక, పర్యావరణ అధ్యాయాలు ఇప్పుడు మన సొంత ఒప్పందాల్లోకే వచ్చేశాయి. స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఈఎఫ్‌టీఏ కూటమితో 2024 మార్చిలో చేసుకున్నదాంట్లో ఉంది, 2025 జులైలో బ్రిటన్‌తో చేసుకున్నదాంట్లోనూ ఉంది. కాబట్టి ఈ రెండు సబ్జెక్టులూ తెలిసిన వాళ్ల అవసరం వాణిజ్య శాఖకి ఇదివరకటి కన్నా ఎక్కువే. సివిల్స్ రాస్తే ఇండియన్ ట్రేడ్ సర్వీస్ అని ఒకటి ఉంది, పోస్టులు బాగా తక్కువ, దాన్నే నమ్ముకోవద్దు.

మూడో రకం పని మన దగ్గరే ఉంది, దానికి గ్లామర్ లేదు కాబట్టి ఎవరూ చెప్పరు. ఎగుమతి కంపెనీల్లో కంప్లయన్స్, అంటే నియమాలన్నీ పాటిస్తున్నారో లేదో చూసుకునే పని. రొయ్యని పద్ధతిగా పెంచారని చెప్పే బీఏపీ, ఏఎస్‌సీ లాంటి సర్టిఫికేషన్లు, కార్మికుల పరిస్థితుల మీద సోషల్ ఆడిట్లు, యాంటీబయాటిక్ అవశేషాలతో వెనక్కొచ్చిన కంటైనర్ల గొడవలు. 2016 నుంచి యూరప్ మన పెంపకపు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగం పరీక్షిస్తోంది, ఈ కాగితాలు చదివి అర్థం చేసుకునే మనిషి ప్రతి పెద్ద కంపెనీకీ కావాలి. ఇలాంటి చోట రెండేళ్లు చేస్తే ఆ తర్వాత ఎల్‌ఎల్‌ఎం క్లాసులో ఆమె మాట్లాడే మాటకి బరువు ఉంటుంది. ఏ దారిలో వెళ్లినా మొదటి రెండు మూడేళ్లు జీతం చూసి మీ బంధువులు 'సాఫ్ట్‌వేర్ చేయించాల్సింది' అంటారు. అననివ్వండి.

చదువు క్రమం ఇలా పెట్టుకోమంటాను. డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. నా మొదటి ఓటు ఢిల్లీ యూనివర్సిటీ లా ఫ్యాకల్టీకి, సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా సీటు, ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ, పైగా నేను పైన చెప్పిన ఆఫీసులన్నీ మెట్రో దూరంలో ఉంటాయి, ఇంటర్న్‌షిప్‌ల కోసం సెలవుల్లో ఎక్కడికో పోనక్కర్లేదు. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో కూడా మూడేళ్ల కోర్సు ఉంది, పేరు పెద్దది, ఫీజు కూడా పెద్దదే. ఏపీ లాసెట్ రాసి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీలో చేరడం మూడో దారి, దూరం పంపడానికి మీకు మనసొప్పకపోతే అదే మంచిది. చదివేటప్పుడు జాన్ హెచ్. జాక్సన్ మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదనల) పోటీకి వెళ్లమనండి, వాణిజ్య చట్టంలో పిల్లల్ని గుర్తుపట్టేది అక్కడే. కొత్త లేబర్ కోడ్‌లు నాలుగూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి, వాటిని మొదటి సంవత్సరమే చదివేయాలి, మన దేశంలో ఓవర్‌టైమ్ ఎలా లెక్కేస్తారో తెలియకుండా ఐఎల్‌వో ఒప్పందాలు వల్లిస్తే ఉపయోగం లేదు.

యూరప్ ఎల్‌ఎల్‌ఎం తర్వాత. బెర్న్‌లో వరల్డ్ ట్రేడ్ ఇన్‌స్టిట్యూట్ మంచిది, జెనీవాలో గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కానీ ఎల్‌ఎల్‌బీ పూర్తయి కనీసం రెండేళ్లు పనిచేశాక, అదీ స్కాలర్‌షిప్‌తో. బ్రిటన్ చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి ఎలాగూ రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. స్కాలర్‌షిప్ రాకపోతే వెళ్లకపోయినా కొంప మునగదు, ఈ రంగంలో మన దేశంలో పేరు తెచ్చుకున్న వాళ్లందరూ అక్కడ చదివిన వాళ్లు కారు. భూమి అమ్మి వెళ్లిన పిల్లలు తిరిగొచ్చాక అప్పు తీర్చడానికి ఏ ఉద్యోగం దొరికితే అది పట్టుకుంటారు, అంతవరకూ చదివిన కార్మికులూ పర్యావరణం గాలికి పోతాయి.

ఈలోగా ఈ సెమిస్టర్‌లోనే ఆమె చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. డబ్ల్యూటీవో వెబ్‌సైట్‌లో ఆ రొయ్యలు-తాబేళ్ల తీర్పు ఉచితంగా దొరుకుతుంది, మొత్తం చదవమనండి, విసుగొస్తే ఇప్పుడే తెలిసిపోతుంది. తర్వాత 1996 డిసెంబరులో మన సుప్రీంకోర్టు ఇచ్చిన ఎస్. జగన్నాథ్ కేసు తీర్పు, తీరంలో రొయ్యల చెరువులు తీసేయమన్నదీ, పని పోయే కార్మికులకి పరిహారం ఇమ్మన్నదీ అదే. ఆ దెబ్బ తర్వాతే 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆ రెండూ చదివాక మీకు తెలిసిన షెడ్ ఏదైనా ఉంటే తీసుకెళ్లండి, ఒక పూట అక్కడి ఆడవాళ్లతో మాట్లాడనివ్వండి, సూపర్‌వైజర్ పక్కన లేకుండా. అన్నట్టు మీ చెరువుల లైసెన్సు కాగితాలు ఆమె చేతికిచ్చి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడమనండి, ఆమెకి అదే మొదటి కేసు, మీకు ఫీజు ఖర్చు లేదు.

సీయూఈటీ పీజీ దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరిలో తీసుకుంటారు, పరీక్ష మార్చిలో ఉంటుంది. లాసెట్ నోటిఫికేషన్ దాని తర్వాత వస్తుంది. రెండింటికీ దరఖాస్తు చేయించండి. ఆదాయ ధ్రువపత్రం, కులం లేదా ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఇప్పుడే సచివాలయంలో పెట్టి ఉంచండి, ఢిల్లీ వాళ్లు కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో అడుగుతారు, మన రాష్ట్రం ఫార్మాట్ తీసుకెళ్లి కౌన్సెలింగ్ రోజున ఇబ్బంది పడే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు.